అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎటు వెళ్లింది: అటెన్‌బరో ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

గాంధీజీ జీవితాన్ని సినిమాగా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, ప్రకృతి డాక్యుమెంటరీల డేవిడ్ అటెన్‌బరో అన్నదమ్ములని మనలో చాలామందికి తెలుసు. ఆ అటెన్‌బరో అన్నది ఇంగ్లండ్‌లో అరుదైన ఇంటిపేరని, అదే పేరుతో నాటింగ్‌హామ్ దగ్గర ట్రెంట్ నది ఒడ్డున ఒక చిన్న ఊరు ఉందని తెలిసినవాళ్లు తక్కువ. ఇలాంటి పేరు ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు ఎటు పాకిందో ఇంట్లో కూర్చునే చాలావరకు తేల్చుకోవచ్చు. అటెన్‌బరో పేరునే పట్టుకుని ఆ పని వరసగా ఎలా చెయ్యాలో చెబుతాను. మీ చేతిలో ఉన్న పేరు వేరేదైనా పద్ధతి ఇదే.

ఇంటిపేరు అనగానే ఎవరైనా ముందు దాని అర్థం వెతుకుతారు. నేను చెప్పేది దానికి తలకిందులు. అర్థం చివర చూడండి. ఆ పేరున్న మనుషులు ఏ కాలంలో ఎక్కడ ఉన్నారో ముందు చూడండి. స్మిత్ లాంటి పేరు కమ్మరి ఉన్న ప్రతి ఊళ్లోనూ విడిగా పుట్టింది కాబట్టి మ్యాప్ దాని పుట్టుక గురించి పెద్దగా ఏమీ చెప్పదు. అరుదైన పేరు అలా కాదు. అది ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే మనిషితో మొదలై ఉండొచ్చు. అక్కడ మ్యాప్ నిఘంటువు కంటే నమ్మదగిన సాక్షి.

ఇంకొక్క మాట తెలిస్తే మిగతాదంతా సులువు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక, ముందు పెద్ద భూస్వాముల్లో, తర్వాత మామూలు జనంలో వంశపారంపర్య ఇంటిపేర్లు మెల్లగా స్థిరపడ్డాయి. దక్షిణాన, మధ్య ఇంగ్లండ్‌లో 1400 నాటికి చాలామందికి వచ్చేశాయి, ఉత్తరాన ఇంకా ఆలస్యమైంది. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్తేం కాదు. కందుకూరి, టంగుటూరి అలా వచ్చినవే. కందుకూరులో అందరూ కందుకూరు వాళ్లే కాబట్టి అక్కడ ఆ పేరుతో ఎవరినీ గుర్తుపట్టలేం. వేరే ఊరికి వెళ్లినవాడికే ఆ పేరు అతుక్కుంటుంది. ఇంగ్లండ్‌లోనూ అంతే. అందుకే అటెన్‌బరోలను అటెన్‌బరో ఊళ్లోనే వెతికితే నిరాశ తప్పదు, ఆ చుట్టుపక్కల వెతకాలి.

మొదటి మెట్టు: పేరుకున్న రూపాలన్నీ రాసుకోండి

19వ శతాబ్దం దాకా చాలామందికి తమ పేరు రాసుకోవడం రాదు. చర్చి గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. అటెన్‌బరోకి అటెన్‌బారో, అటెన్‌బొరో, అటెన్‌బరొ అంటూ ఇంగ్లీషులో కనీసం మూడు నాలుగు స్పెల్లింగులు ఉన్నాయి. చివరి భాగమే ఎక్కువగా మారుతుంది. '-బరో' కోసం రాసే అక్షరాలు ఒక్కో గుమాస్తాకి ఒక్కోలా ఉంటాయి. 'టి' ఒకటా రెండా అన్నదీ స్థిరంగా ఉండదు. మొదట్లో లేని 'హెచ్' వచ్చి చేరడం కూడా పాత రికార్డుల్లో మామూలే.

వెబ్‌సైట్లలో వెతికేటప్పుడు నక్షత్రం గుర్తు (*) వాడండి. మారని అక్షరాలను ఉంచి, మారే చోట నక్షత్రం పెడితే అన్ని రూపాలూ ఒకేసారి వస్తాయి. వచ్చిన ప్రతి రూపాన్నీ ఎక్సెల్ షీట్‌లో ఒక కాలమ్‌లో ఉన్నదున్నట్టు ఎక్కించండి. పక్క కాలమ్‌లో మీరు ఏ పేరు కింద లెక్కిస్తున్నారో రాయండి. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకండి. అటర్‌బరీ లాంటి దగ్గరి పేరు కనబడితే 'అనుమానం' అని గుర్తు పెట్టి పక్కన ఉంచండి. అది ఇదో కాదో ఇప్పుడే తేల్చక్కర్లేదు.

ఏ స్పెల్లింగ్‌ను ఆ కుటుంబమే ఎంచుకుందో తెలుసుకోవాలంటే 1911 జనాభా లెక్కలు చూడండి. అంతకుముందు లెక్కల్లో మిగిలినవి గుమాస్తాలు ఎత్తి రాసిన పుస్తకాలు. 1911లో మాత్రం ఇంటిపెద్ద స్వయంగా నింపిన కాగితాలే దాచారు. ఒక మనిషి తన పేరును తన చేత్తో ఎలా రాసుకున్నాడో అందులో చూడొచ్చు. నాకు ఈ రికార్డు మీద ప్రత్యేకమైన ఇష్టం.

రెండో మెట్టు: 1881 మ్యాప్ గియ్యండి

పని ఇక్కడ మొదలుపెట్టడానికి కారణం ఉంది. 1881 జనాభా లెక్కలను వేలాదిమంది వాలంటీర్లు పేరు పేరునా ఎక్కించారు, ఉచితంగా వెతకొచ్చు. అప్పటికి రైళ్లు వచ్చి జనం కదిలారు గానీ, అరుదైన పేర్లు ఇంకా చాలావరకు పుట్టిన చోటికి దగ్గరలోనే ఉన్నాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 1881నీ 1998నీ పక్కపక్కన పెట్టి ఇంటిపేర్ల మ్యాప్‌లు తయారుచేశారు. స్టీవ్ ఆర్చర్ రూపొందించిన 19వ శతాబ్దపు సర్‌నేమ్ అట్లాస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా 1881 లెక్కల ఆధారంగానే మ్యాప్ గీస్తుంది.

రెడీమేడ్ మ్యాప్‌ను చూసి వదిలెయ్యకండి. మీ లెక్క మీరు వేసుకోవాలి, అదీ రెండు రకాలుగా: ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఆ పేరున్నవాళ్లు ఎందరు, లక్ష మందికి ఎందరు. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. 1881లో నాటింగ్‌హామ్‌షైర్ జనాభా దాదాపు 3.9 లక్షలు, లండన్‌ది దాదాపు 38 లక్షలు. లెక్క అర్థం కావడానికి, ఒక పేరు రెండు చోట్లా 100 మందికి ఉందని ఊహించుకోండి. నాటింగ్‌హామ్‌షైర్‌లో అది లక్షకు 25 మందికి పైగా, లండన్‌లో ముగ్గురి లోపు. సంఖ్య ఒకటే అయినా ఒకటి పుట్టిల్లు అయ్యే అవకాశం ఉన్న చోటు, రెండోది బతుకుతెరువు కోసం అందరూ చేరే చోటు. లండన్ దాదాపు ప్రతి ఇంటిపేరు మ్యాప్‌లోనూ మెరుస్తుంది, దాన్ని చూసి మోసపోకండి.

కౌంటీతో ఆగకుండా ఊరిదాకా దిగండి. అటెన్‌బరో ఊరు నాటింగ్‌హామ్‌షైర్‌లో పడమటి అంచున ఉంది. కాస్త దూరం వెళ్తే డెర్బీషైర్ వస్తుంది. ఈ పేరు కూడా ఆ సరిహద్దుకు రెండువైపులా కనిపిస్తుంది. కౌంటీల వారీ మ్యాప్‌లో రెండు వేర్వేరు గుంపుల్లా కనిపించేది, ఊళ్ల వారీ మ్యాప్‌లో ట్రెంట్ లోయ చుట్టూ ఒకే గుంపు. అందుకే ఊళ్ల మధ్య దూరాలు కొలవండి, కౌంటీ గీతలను పెద్దగా పట్టించుకోకండి.

మూడో మెట్టు: 1881 నుంచి ముందుకు

ఇంగ్లండ్, వేల్స్‌లో జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. వీటి సూచికలు ఏడాదికి నాలుగు భాగాలుగా ఉంటాయి. ఫ్రీబీఎండీ అనే వాలంటీర్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సొంత ఆన్‌లైన్ సూచికలో 1837 నుంచే తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది. అరుదైన పేరుకు ఇది వరం. ఏ పిల్లలు ఏ తల్లివాళ్లో కలుపుకుంటూ పోతే సర్టిఫికెట్లు కొనకుండానే కుటుంబాలు తయారవుతాయి.

పదేళ్లకొక ముక్కగా లెక్కలు తీసి రిజిస్ట్రేషన్ జిల్లాల (నమోదు కోసం విడగొట్టిన ప్రాంతాల) వారీగా మ్యాప్ మీద పెట్టండి. జననాలు చూస్తే పిల్లలు ఎక్కువున్న ఒక్క కుటుంబమే జిల్లా అంతా నింపేసినట్టు కనిపిస్తుంది. స్థిరపడినవాళ్లు ఎక్కడున్నారో మరణాలు బాగా చెబుతాయి. రెండూ తియ్యండి, కానీ మ్యాప్‌కి మరణాలే వాడమంటాను.

రిజిస్ట్రేషన్ జిల్లా పేరు చూసి కౌంటీ ఊహించకండి. ఉదాహరణకు షార్డ్‌లో అనే ఊరు డెర్బీషైర్‌లో ఉంది. ఆ పేరుతో ఉన్న జిల్లాలో నాటింగ్‌హామ్‌షైర్, లెస్టర్‌షైర్ ఊళ్లు కూడా కలిసి ఉండేవి. దాన్ని డెర్బీషైర్ కింద వేసేస్తే మీ గుంపు మధ్య బిందువే పక్కకు జరిగిపోతుంది.

20వ శతాబ్దంలోకి వస్తే, 1921 జనాభా లెక్కలు 2022 జనవరిలో బయటకొచ్చాయి. 1931వి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, యుద్ధం వల్ల 1941లో లెక్కలే తియ్యలేదు. ఆ ఖాళీని, యుద్ధం మొదలవగానే జనం పేర్లు రాసుకున్న 1939 రిజిస్టర్‌తో పూడ్చుకోవాలి. ఆ తర్వాత ఓటర్ల జాబితాలు, పాత టెలిఫోన్ డైరెక్టరీలు. చాలా అరుదైన పేర్లకు ఒకటి గమనిస్తారు: చుక్కలు దేశమంతా చెదిరినా, పాత గుంపు దాదాపు అక్కడే ఉంటుంది. వెళ్లినవాళ్ల కథలే మనం వింటాం గానీ, చాలామంది వెళ్లలేదు.

నాలుగో మెట్టు: కదలికకు కారణం వెతకండి

చుక్కలు జరిగాయని చూపిస్తే సగం పనే. ఎందుకు జరిగాయో చెప్పాలి. ట్రెంట్ లోయలో కారణాలు వెతకడం కష్టం కాదు. నాటింగ్‌హామ్ దగ్గరి కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే మగ్గం కనిపెట్టాడని చెబుతారు. తర్వాత రెండు వందల ఏళ్లలో ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ మగ్గాల మీదే బతికాయి. 1811లో కూలి తగ్గిపోయి లడ్డైట్లు అనే కార్మికులు మగ్గాలు పగలగొట్టింది ఇక్కడే. తర్వాత లేసు పరిశ్రమ నాటింగ్‌హామ్‌ను పెంచింది. 1839లో నాటింగ్‌హామ్ నుంచి డెర్బీకి రైలు మొదలైంది. కాబట్టి 1851, 1861 జనాభా లెక్కల్లో వృత్తి కాలమ్ తప్పకుండా ఎక్కించుకోండి. పల్లె నుంచి పట్నానికి వెళ్లింది మగ్గం పని వాళ్లా, రైల్వే కూలీలా అన్నది అక్కడే తేలుతుంది.

లేసు పనివాళ్లు ఇంకా దూరం వెళ్లారు. నాటింగ్‌హామ్ ప్రాంతం నుంచి చాలామంది ఫ్రాన్స్‌లోని కలే రేవుకు వెళ్లి అక్కడ లేసు నేశారు. 1848 విప్లవంతో పనులు పోయి వాళ్లలో కొన్ని వందలమంది ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరారు. ట్రెంట్ లోయ పేరు ఏదైనా కలేలోనో న్యూ సౌత్ వేల్స్‌లోనో హఠాత్తుగా కనిపిస్తే ముందు ఈ దారి చూడండి.

ప్రముఖుల కుటుంబాల వివరాలు అచ్చులో ఉంటాయి కాబట్టి, మీ మ్యాప్ సరిపోతోందో లేదో వాటితో పోల్చుకోవచ్చు. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో బర్టన్ అపాన్ ట్రెంట్‌లో పుట్టాడు. అది స్టాఫర్డ్‌షైర్‌లోని బీరు తయారీ పట్నం, అటెన్‌బరో ఊరికి సుమారు 30 కిలోమీటర్లు. ఆయన చదువుకుని కేంబ్రిడ్జ్ చేరాడు, రిచర్డ్ 1923లో అక్కడే పుట్టాడు. డేవిడ్ 1926లో లండన్ పక్కన ఐల్‌వర్త్‌లో పుట్టాడు. 1932లో ఫ్రెడరిక్ లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వెళ్లాడు. లెస్టర్ కూడా అటెన్‌బరో ఊరికి దాదాపు 30 కిలోమీటర్లే. ఒక్క తరంలో కేంబ్రిడ్జ్, లండన్ చుట్టి వచ్చి, ఆ కుటుంబం మళ్లీ పాత గుంపు అంచునే స్థిరపడింది. పుట్టిన ఊళ్లను మాత్రమే మ్యాప్ మీద పెడితే ఇలాంటి రాకపోకలు కనబడవు. మనిషికి కనీసం మూడు చుక్కలు పెట్టండి: పుట్టుక, పెళ్లి, మరణం.

లండన్‌లో మరో కథ ఉంది. 19వ శతాబ్దంలో అక్కడ అటెన్‌బరో అనే పేరు తాకట్టు వ్యాపారులకు బాగా తెలిసిన పేరు, ఫ్లీట్ స్ట్రీట్‌లో వాళ్ల దుకాణం ఉండేది. అటెన్‌బరో, సాలమన్‌ల మధ్య వెండి సామాను తాకట్టు కేసు 1913 నాటి హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పుల్లో ఉంది, లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. అరుదైన పేరుకు కోర్టు తీర్పులు, వాణిజ్య డైరెక్టరీలు, వీలునామాలు మంచి ఆధారాలు, పైగా వెతకడం సులువు.

ఐదో మెట్టు: 1881 నుంచి వెనక్కి

ఇక్కడ ఓపిక కావాలి. 1851 నుంచి జనాభా లెక్కల్లో ప్రతి మనిషి పుట్టిన ఊరు ఉంటుంది. కాబట్టి 1851లో 80 ఏళ్లున్న ముసలాయన మిమ్మల్ని ఒక్క గంతులో 1771కి, ఫలానా ఊరికి తీసుకెళతాడు. ఆ వయసు వాళ్లందరినీ ముందు ఎత్తుకోండి. 1841 లెక్కలను మాత్రం జాగ్రత్తగా వాడాలి. అందులో 15 దాటిన వాళ్ల వయసును చాలాచోట్ల అయిదు గుణిజానికి తగ్గించి రాశారు, ఊరి పేరు లేదు, ఇదే కౌంటీలో పుట్టారా లేదా అన్నంతవరకే ఉంది.

అక్కడి నుంచి చర్చి రిజిస్టర్లు. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ఇవి మొదలయ్యాయి. చాలా ఊళ్లలో తొలి పుస్తకాలు పోయాయి. 1598 నుంచి బిషప్‌కు పంపిన నకళ్లు ఉంటాయి కాబట్టి అసలు లేకపోతే నకలు అడగండి. 1640ల అంతర్యుద్ధం నుంచి 1660 దాకా చాలా రిజిస్టర్లలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్నవాళ్లను ఊహతో తండ్రీకొడుకులుగా కలిపేయడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే నష్టం. ఆధారం లేని చోట చుక్కల గీత వెయ్యండి.

ఆ ఖాళీలో ప్రమాణాల, పన్నుల జాబితాలు సాయపడతాయి. 1641–42లో వయసొచ్చిన మగవాళ్లందరి చేత చేయించిన ప్రమాణాల జాబితాలు, 1662 నుంచి 1689 దాకా పొయ్యికింత అని వేసిన పన్ను జాబితాలు చూడండి. వీటిలో కుటుంబ సంబంధాలు ఉండవు గానీ ఊరు ఉంటుంది, మనకు కావలసింది అదే. నాటింగ్‌హామ్‌షైర్‌కి రెండూ అచ్చులో దొరుకుతాయి. 1881 మ్యాప్ పక్కన 1670ల మ్యాప్ పెట్టి చూడండి. గుంపు చిన్నదై ఒకే చోటికి దగ్గరపడుతుంటే పేరు ఒకే చోట పుట్టిందన్న మాటకు బలం వస్తుంది. దూరంగా రెండు మూడు గుంపులు అప్పటికే ఉంటే, పేరు ఒకటికంటే ఎక్కువ చోట్ల పుట్టిందేమో ఆలోచించాలి.

ఇంకా వెనక్కి వెళ్తే 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు. ఇవి లాటిన్‌లో ఉంటాయి, కానీ పేర్లు పోల్చుకోవడానికి లాటిన్ పాండిత్యం అక్కర్లేదు.

ఆరో మెట్టు: ఇప్పుడు అర్థం తెరవండి

అటెన్‌బరోకు రెండు వివరణలు చెప్పొచ్చు. ఒకటి, నాటింగ్‌హామ్‌షైర్ ఊరి నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులో 'బర్' అంటే కోట లాంటి రక్షణ ఉన్న చోటు. అడ్డా లేదా దానికి దగ్గరి పేరున్న వ్యక్తి కోట అని ఆ ఊరి పేరుకు చెప్పే అర్థం. రెండోది, మధ్య ఇంగ్లీషులో (నార్మన్లు వచ్చాక వాడిన ఇంగ్లీషులో) 'అటెన్' అంటే 'ఆ ఫలానా దగ్గర' అని. కాబట్టి కోట లేదా పట్నం దగ్గర ఉండేవాడు అని. ఇది ఊహామాత్రం కాదు. ఆట్‌వుడ్ అంటే అడవి దగ్గరివాడు. నాష్, నోక్స్ అనే ఇంటిపేర్లు 'అటెన్'లోని చివరి 'న' తర్వాతి చెట్టు పేరుకు అతుక్కుని వచ్చినవే, ఒకటి యాష్ చెట్టు, రెండోది ఓక్.

నిఘంటువు మాత్రమే చూస్తే రెండూ సరైనవే అనిపిస్తాయి. ఇప్పుడు మ్యాప్ పని చేస్తుంది. రెండో అర్థం నిజమైతే కోట, పట్నం ఉన్న ప్రతిచోటా ఈ పేరు పుట్టాలి, దేశమంతా చెదురుగా ఉండాలి. కానీ గుంపు ట్రెంట్ లోయలో ఉంది, ఊరి చుట్టూ ఉంది. కాబట్టి ఎక్కువమంది విషయంలో ఊరే మూలం అని ధైర్యంగా చెప్పొచ్చు. దూరంగా, పాత కాలం నుంచి విడిగా ఉన్న కుటుంబం కనబడితే వాళ్లకు రెండో మూలం ఉండే అవకాశాన్ని తెరిచి ఉంచాలి.

ఇంకో పరీక్ష ఉంది. తొలి రికార్డుల్లో పేరు ముందు 'డి' ఉంటే 'ఆ ఊరి నుంచి వచ్చిన' అని, 'అట్టె' ఉంటే 'ఆ చోట ఉండే' అని. ఒక్క 'డి' దొరికినా ఊరి వాదనకు పెద్ద బలం. ఊరి పేరు పాత రూపాలను కూడా ఇంటిపేరు పాత రూపాలతో పోల్చండి. అటెన్‌బరో అన్న పేరు 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో లేదు, పక్కనున్న చిల్‌వెల్, టోటన్ ఉన్నాయి. సర్వేలో లేనంత మాత్రాన ఊరు లేదని కాదు. ఆ సర్వే భూస్వాముల ఎస్టేట్ల లెక్క కోసం తీసింది, ఊళ్ల జాబితా కాదు.

నిఘంటువుల్లో 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువును ముందు చూడండి. 1881 పంపకాన్ని, పాత రికార్డుల్లోని రూపాలను దగ్గర పెట్టుకుని రాసిన పుస్తకం అది. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని 'మీ వంశ చిహ్నం' అమ్మే సైట్ల అర్థాలను మాత్రం నమ్మకండి. ఇంగ్లండ్‌లో ఆ చిహ్నాలు వ్యక్తులకూ వాళ్ల వారసులకూ ఇచ్చేవి, ఇంటిపేరుకు కాదు.

ఏడో మెట్టు: డీఎన్‌ఏ ఎంతవరకు

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఇంగ్లీషు ఇంటిపేరు కూడా అంతే. లెస్టర్ యూనివర్సిటీలో టురీ కింగ్, మార్క్ జోబ్లింగ్ ఈ రెంటినీ కలిపి చూశారు. 2009లో అచ్చయిన వాళ్ల పరిశోధనలో 40 బ్రిటిష్ ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్లు ఉన్నారు. స్మిత్ అన్న పేరున్నవాళ్ల మధ్య వై క్రోమోజోమ్ వైవిధ్యం, పేరుతో సంబంధం లేకుండా తీసుకున్న జనంలో ఉన్నంత ఉంది. అటెన్‌బరోలలో మాత్రం పదిమందిలో ఏడుగురికి పైగా ఒకే రకం లేదా దానికి చాలా దగ్గరి రకం వచ్చింది. ఈ పరిశోధన జరిగిన యూనివర్సిటీ, ఫ్రెడరిక్ అటెన్‌బరో ప్రిన్సిపాల్‌గా నడిపిన కాలేజీ నుంచి ఎదిగిందే.

దీన్ని చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకే రకం ఎక్కువగా ఉందంటే మొదట ఒక్కడే ఉన్నాడని ఖాయం కాదు. పేరు పెట్టుకున్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నా, కొడుకులు లేక కొన్ని శాఖలు ఆగిపోతే చివరకు ఒకటే మిగలొచ్చు. ఇంటిపేర్లు ఇలా అంతరించే లెక్కను ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్ 1874లోనే రాశారు. రెండోది, మీకు కలవని ఫలితం వస్తే ఎవరి మీదా నింద వెయ్యకండి. దత్తత, తల్లి ఇంటిపేరు పెట్టుకున్న పిల్లలు, మారుతండ్రి పేరు, సొంతంగా పేరు మార్చుకోవడం, ఇవన్నీ కారణాలే. పైన చెప్పిన పరిశోధనలో ఇలా పేరుకూ వై క్రోమోజోమ్‌కూ లంకె తెగిన సందర్భాలన్నీ కలిపి తరానికి సుమారు 1 నుంచి 4.5 శాతం అని అంచనా వేశారు. జనన సూచికలో తల్లి పుట్టింటి పేరు ఉండాల్సిన చోట గీత ఉంటే, తల్లికి పెళ్లి కాలేదని సూచన కావచ్చు. ఆ శాఖను విడిగా గుర్తు పెట్టుకోండి.

పరీక్షకు ఒప్పుకున్నవాళ్లకు ముందే చెప్పాలి, ఊహించనిది తెలియొచ్చని. ఇది మర్యాద కోసం కాదు, అవసరం.

ఎనిమిదో మెట్టు: సముద్రం దాటినవాళ్లు

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకు ఓడ ప్రయాణికుల జాబితాలు, అక్కడి జనాభా లెక్కలు ఉన్నాయి, పద్ధతి అదే కాబట్టి ఎక్కువ చెప్పను. భారతదేశం గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తెలుగు చదవగలవాళ్లు చెయ్యగలిగిన పని ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి మద్రాస్ ప్రెసిడెన్సీలోని బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు వెళ్లాయి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో 'ఎన్ 2' వరసలో ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నం లాంటి చోట్ల ఉన్న ఇంగ్లీషువాళ్ల వివరాలు వెతకాల్సింది అందులోనే. ఫిబిస్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో బ్రిటిష్ ఇండియా కుటుంబాల సూచికలు ఉచితంగా వెతకొచ్చు. మన దగ్గరి పాత యూరోపియన్ శ్మశానాల్లో సమాధి రాళ్ల మీద అరుదైన ఇంటిపేర్లు ఇప్పటికీ ఉన్నాయి. రాయి అరిగిపోకముందే ఫొటో తీసి, ఊరు, తేదీ, పేరు ఉన్న స్పెల్లింగ్‌తోనే రాసి పెడితే, ఎక్కడో ఇంగ్లండ్‌లో ఆ పేరు మ్యాప్ గీస్తున్నవాళ్లకు ఒక చుక్క దొరుకుతుంది.

పని మొదలుపెట్టే ముందే గిల్డ్ ఆఫ్ వన్-నేమ్ స్టడీస్‌లో మీ పేరు మీద ఎవరైనా పనిచేస్తున్నారేమో చూడండి. 1979లో పెట్టిన ఈ సంస్థలో ఒక్కో సభ్యుడు ఒక్కో ఇంటిపేరు తీసుకుని ప్రపంచమంతా ఉన్న ఆ పేరువాళ్ల రికార్డులు పోగుచేస్తారు. ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరున్నది అడగండి, మీ దగ్గరున్నది ఇవ్వండి. మీ ఫలితం బయట పెట్టేటప్పుడు బతికున్నవాళ్ల పేర్లు, చిరునామాలు తీసేయండి. ప్రతి చుక్క పక్కనా అది ఏ రికార్డు నుంచి వచ్చిందో, ఏ తేదీన చూశారో రాయండి. అది లేని మ్యాప్‌ను తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ మొదటి నుంచి గియ్యాల్సి వస్తుంది.